పులిని వెదికితే పాలు దొరికిన కథ



ఈ రాత మీలో కొందరికి కోపం తెప్పించవచ్చు. కొంత తెప్పించాలనే వ్రాస్తున్నాను. డేటాబేసును ప్రశ్నించే చిన్న చిన్న లైబ్రరీలలో ఏది వేగమైనది, ఏది మందకొడిది అని పట్టికలు వేసి, మిల్లీసెకన్లు లెక్కించి, గెలిచినదాని మెడలో వీరతాడు వేసే ఆచారం మన ప్రోగ్రామరు యువకులలో బలంగా పాతుకొని ఉంది. ఆ పట్టికలు తప్పని నేననను. వాటిని చదివే తీరు తప్పంటాను. తెలుగు కోసం పని చేస్తున్నామని చెప్పుకొనే మనం ఆ పట్టిక చూసి పనిముట్టును ఎంచుకోవడం మరింత తప్పంటాను.

సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడికి డేటాబేసుల గొడవ ఎందుకని మీరడగవచ్చు. కారణముంది. ఉద్యోగ విరమణ తరువాత నేను పద్యాల సూచిక ఒకటి తయారు చేసుకుంటూ వచ్చాను. పద్యం, కావ్యం పేరు, ఆశ్వాసం, ఛందస్సు, అందులోని ముఖ్య పదాలు. మొదట నోటుపుస్తకాలలో, తరువాత లేఖిని పుణ్యమా అని కంప్యూటరులో. సుమారు తొమ్మిది వేల పద్యాలయ్యాక, చేతితో వెదకడం నా వల్ల కాలేదు. నా దగ్గర చదువుకొని ఇప్పుడు హైదరాబాదులో ప్రోగ్రాములు వ్రాసే ఒక శిష్యుడు దాన్ని డేటాబేసులో పెట్టి, వెదికే పుట ఒకటి కట్టి ఇచ్చాడు. బుద్ధిమంతుడు, పని తెలిసినవాడు. కాని వాడికి వేగం పిచ్చి. పండుగకు సెంటినరీ కాలనీకి వచ్చినప్పుడు ఒక పట్టిక చూపించి, "సార్, దీన్ని మించిన వేగం లేదు. మన పుట మొత్తం దీనికి మార్చేసిన" అన్నాడు.

ఆ పట్టిక కథ ముందు చెప్పాలి. ఈ లైబ్రరీల పని దుబాసీ పని. డేటాబేసు వరుసలూ గడులూ ఉన్న పట్టికల భాషలో మాట్లాడుతుంది. ప్రోగ్రాము వస్తువుల భాషలో మాట్లాడుతుంది. నడుమ ఒకరు కూర్చొని ఇటు ప్రశ్నను అటు చేరవేసి, అటు జవాబును ఇటు సర్దిపెట్టాలి. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్, ఎన్‌హైబర్నేట్ వంటి పెద్ద దుబాసీలు ప్రశ్నను కూడా తామే రచిస్తాయి. తేలికపాటి దుబాసీలు అలా కావు. ప్రశ్నను ఎస్‌క్యూఎల్‌లో మనమే వ్రాసి ఇవ్వాలి. అవి దాన్ని చేరవేసి, వచ్చిన వరుసలను వస్తువులలోకి నింపుతాయి, అంతే. డాపర్, పెటాపోకో ఈ రెండవ జాతివి. డాపర్‌ను 2011లో స్టాక్ ఓవర్‌ఫ్లో వారు బయటపెట్టారు. శామ్ శాఫ్రన్, మార్క్ గ్రావెల్ దాని కర్తలు. క్షణక్షణం ప్రశ్నలు వచ్చిపడే చోట పాత దుబాసీ బరువు మోయలేక, తమ అవసరం కోసం వ్రాసుకున్నారు. వారి అవసరం నిజమైనది, వారి పనీ మెచ్చుకోదగినదే.

దాని పరిచయపత్రంలో తొలినాళ్ళలో ఒక పట్టిక ఉండేది. ఒక వరుసను తెచ్చి వస్తువులోకి నింపే పనిని 500 సార్లు చేస్తే ఎంత కాలం పట్టిందన్నది అందులోని లెక్క. ఏ దుబాసీ లేకుండా చేతితో వ్రాసిన కోడుకు 47 మిల్లీసెకన్లు. డాపర్‌కు 49. అన్నిటికంటే వెనుకబడిన ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్‌కు 631. తరువాత కొలిచే పద్ధతి మార్చి మైక్రోసెకన్లలో ఇచ్చారు గాని, లోకానికి ఎక్కిన ముద్ర మాత్రం ఆ పాత పట్టికదే. పదమూడు రెట్ల తేడా! చూడగానే గుండె ఝల్లుమంటుంది. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ వాడేవాడు ఎద్దుబండి ఎక్కినట్టూ, డాపర్ వాడేవాడు విమానమెక్కినట్టూ అనిపిస్తుంది.

ఇప్పుడు ఐదో తరగతి లెక్క చేద్దాం. 631లోంచి 47 తీసివేస్తే 584. దాన్ని 500తో భాగిస్తే 1.168. అంటే అందరికంటే వేగమైనదానికీ అందరికంటే మందమైనదానికీ నడుమ, ఒక్కో ప్రశ్నకు పడిన తేడా ఒక మిల్లీసెకను పైచిలుకు. చేతి కోడుకూ డాపర్‌కూ నడుమ తేడా ఒక్కో ప్రశ్నకు నాలుగు మైక్రోసెకన్లు. మనిషి కనురెప్ప వేయడానికి తక్కువలో తక్కువ 100 మిల్లీసెకన్లు పడుతుంది. రోజుకు పదిమంది వచ్చి ఒక పద్యం వెదుక్కొనిపోయే నా పుటకు ఈ తేడా ఏ పాటిది? క్షణానికి వేల ప్రశ్నలు వచ్చేవారికి అది పెద్ద ఖర్చే, కాదనను. కాని ఏనుగుకు వేసే అంబారీని మేకపిల్లకు కట్టి మురిసిపోవడమెందుకు?

ఇంకొక సంగతి. ఆ పరీక్షలో గడియారం నొక్కకముందే ప్రతి లైబ్రరీని ఒకసారి ఊరకే నడిపిస్తారు. అది న్యాయమే. ఎందుకంటే డాపర్ వంటివి ఒక ప్రశ్నను మొదటిసారి చూసినప్పుడు, దాని జవాబును సర్దే కోడును అప్పటికప్పుడు తయారుచేసి దాచుకుంటాయి. రెండవసారి నుంచి ఆ శ్రమ ఉండదు. నిరంతరం నడిచే చోట మొదటిసారి ఖర్చు లెక్కలోకి రాదు. మరి మనబోటివారి పుటలో? ఎవరూ రాకపోతే ఉచిత హోస్టింగువారు ప్రోగ్రామును నిద్రపుచ్చుతారు. గంటకొకరు వచ్చి తలుపు తడితే, వచ్చిన ప్రతివాడూ మొదటివాడే. పట్టిక ఏ ఖర్చును పక్కన పెట్టిందో, సరిగ్గా ఆ ఖర్చునే మనం ప్రతిసారీ చెల్లిస్తున్నాము.

అన్నిటికంటే నన్ను ఆపేసిన సంగతి వేరు. ఆ పరీక్షకు వాడిన పట్టికలో ఐదువేల పైచిలుకు వరుసలు. ప్రతి వరుసలో కొంత పాఠం. ఆ పాఠమేమిటని శిష్యుణ్ణి అడిగితే మూలం తెరిచి చూపించాడు. ఎక్స్ అనే ఆంగ్లాక్షరం, వరుసగా రెండువేలసార్లు! మాట లేదు, వాక్యం లేదు, అర్థం లేదు. అందులో వెదకవలసినదీ ఏమీ లేదు. వరుస సంఖ్య చెప్పి ఆ వరుసను తెమ్మనడమే ప్రశ్న. కొలిచినవారు దీన్ని దాచలేదు. వారు కొలవదలచింది మోత వేగం, గోనెలో ఏముందన్నది వారికి అక్కర లేదు. కాని ఆ పట్టిక పట్టుకొని, "తెలుగు పద్యాలు వెదకడానికి ఇదే మేలు" అన్నవాణ్ణి ఏమనాలి? ఉత్త గోనెలు మోసిన పందెంలో గెలిచినవాడికి విగ్రహాన్ని ఊరేగించే పని అప్పగించినట్టుంది.

ఇక పులి కథ. శిష్యుడు కేవలం దుబాసీని మార్చి ఊరుకోలేదు. పద్యాలను ఎస్‌క్యూలైటులోకి తెచ్చి, పూర్తి పాఠాన్ని వెదికే ఎఫ్‌టీఎస్5 అనే సదుపాయాన్నీ అమర్చాడు. ఎస్‌క్యూలైటు అంటే చిన్నచూపు వద్దు. రిచర్డ్ హిప్ 2000లో బయటపెట్టిన ఆ పనిముట్టు మీ జేబులోని ఫోనులో కూడా ఉంటుంది. వేగం నిజంగానే కళ్ళు చెదిరేలా ఉంది. మీట నొక్కడమే తడవు, జవాబు. వాడి ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమయింది. పరీక్షగా "పులి" అని కొట్టాను.

పాలు వచ్చాయి. పిల్లి వచ్చింది.  గోపాలుడు, భూపాలుడు బారులు తీరి వచ్చారు. పులి కూడా ఆ గుంపులో ఎక్కడో ఉంది. పులిపాలు తెమ్మంటే అసాధ్యమని అర్థం చెప్పుకొనే భాష మనది. యంత్రం మాత్రం పులి అడిగితే పాలు తెచ్చింది, అదీ కనురెప్ప పడేలోగా. మళ్ళీ "రామ" అని కొట్టాను. రోమం వచ్చింది.  

ఇది లైబ్రరీ తప్పు కాదు, ఎస్‌క్యూలైటు మోసమూ కాదు. సూచనలలో స్పష్టంగా వ్రాసే ఉంది, మేము చదవలేదు. ఆ వెదుకులాట ముందుగా పాఠాన్ని ముక్కలుగా తెంచుకుంటుంది. మనం వేరే చెప్పకపోతే, యూనికోడ్ పట్టికలో అక్షరమనీ అంకె అనీ గుర్తు పడినవాటినే ముక్కలో చేర్చుకొని, మిగిలినవన్నీ ముక్కకూ ముక్కకూ నడుమ గోడలుగా భావిస్తుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, అక్షరాన్ని అంటుకొనే గుర్తులు. కాబట్టి కొమ్ము దగ్గర తెంచింది, గుడి దగ్గర తెంచింది. పులిలో మిగిలినవి ప, ల. పాలులో మిగిలినవీ ప, ల. రోమంలో ర, మ. రామలో ర, మ. ఇంకేం, దొరికినట్టే! తెలుగు అనే మాటే దానికి త, ల, గ.

ప్రాస కట్టేటప్పుడు రెండవ అక్షరంలో హల్లు కుదిరితే చాలు, దాని మీది అచ్చు ఏదైనా ఫరవాలేదని మనం పిల్లలకు చెబుతాము. ప్రాసకు హల్లు చాలు. అర్థానికి చాలదు. ఈ ఒక్క భేదం తెలియని వేగాన్ని నా శిష్యుడు పండుగ కానుకగా తెచ్చాడు.

దిద్దుబాటు ఒక్క పంక్తి. అంటుకొనే గుర్తులనూ అక్షరాలతో పాటు లెక్కించమని పట్టికను కట్టేటప్పుడే చెప్పాలి. చెప్పాము, పులి పులిగా వచ్చింది. అయితే ఆ పంక్తి అవసరమని ఏ వేగం పట్టికా చెప్పదు. ఆ పట్టికలు చదివేవాడు పులికి పులి వచ్చిందో లేదో చూడడు. ఎంతలో వచ్చిందో చూస్తాడు. పరీక్ష గదిలో అరగంటకే కాగితమిచ్చి లేచిపోయే కుర్రవాణ్ణి ముప్ఫై ఏళ్ళకు పైగా చూశాను. వాడి వేగానికి నేనెన్నడూ ఒక్క మార్కు వేయలేదు.

మా ప్రాంతం మాటల్లో చెబుతాను. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన రోజులలో ఫిల్లరుకు టబ్బుల లెక్కన కూలి. కాని రాయి కలిపి నింపిన టబ్బును బొగ్గు టబ్బు అని ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు టబ్బులు పోయి యంత్రాలు వచ్చాయి. 2012 నుంచి మన దేశంలో బొగ్గు శ్రేణిని కిలోకు ఎన్ని కిలోకేలరీల వేడి ఇస్తుందన్న లెక్కన నిర్ణయిస్తున్నారు. ఎన్ని టన్నులన్నది ఒక ప్రశ్న, ఎంత మండుతుందన్నది మరొక ప్రశ్న. అలాగే మా పక్కనే ఉన్న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గును కోసే షేరర్ ఎంత జోరుగా కోసినా, మోసుకుపోయే బెల్టు ఆగితే అదీ ఆగి నిలబడవలసిందే. షేరర్ పళ్ళ పదును గురించి పట్టికలు వేసుకొని, బెల్టు సంగతి మరిచిపోయినవాణ్ణి గనిలో ఎవరూ మేనేజరు చేయరు. సాఫ్ట్‌వేరులో మాత్రం వాణ్ణి నిపుణుడంటున్నాము.

నాకు రాబోయే జవాబులు ఊహించగలను. మొదటిది: "లైబ్రరీ పని మోత మాత్రమే, వెదుకులాట తప్పొప్పులు డేటాబేసువి. మీరు రెంటినీ కలిపేస్తున్నారు." ఒప్పుకుంటాను. అయితే ఆ న్యాయం రెండువైపులా నడవాలి. పుట నిదానిస్తే, "లైబ్రరీ మార్చండి, ఎగిరిపోతుంది" అని ఎందుకు చెబుతున్నారు? మా పుట మొదటి రూపంలో డేటాబేసు వేరొక యంత్రంలో ఉండేది. ఒక జాబితా తెచ్చి, అందులోని ప్రతి పద్యానికీ కావ్యం పేరు కోసం మళ్ళీ మళ్ళీ అక్కడికి పోయి వచ్చేది. వంద పద్యాలకు నూటొక్క ప్రయాణాలు. దుబాసీ ఎంత చురుకైనవాడైనా దారి దూరం తగ్గుతుందా? రెండు పట్టికలను కలిపి ఒక్క ప్రశ్నగా అడిగితే పోయే రోగానికి మూడుసార్లు వైద్యుణ్ణి మార్చాము. నిజానికి ఎస్‌క్యూలైటు ప్రోగ్రాములోనే కూర్చొని ఉంటుంది కాబట్టి, చిన్న చిన్న ప్రశ్నలు చాలా అడిగినా దానికి ఇంత బాధ ఉండదు. అంటే వేగం ప్రశ్నలోనూ, డేటాబేసు ఎక్కడ కూర్చుందన్నదానిలోనూ, సూచిక కట్టామా లేదా అన్నదానిలోనూ ఉంది. దుబాసీలో ఉన్నది పిసరంత.

రెండవ జవాబు: "వేగం ఉండటం తప్పా?" కాదు. నా వాదమంతా ఇక్కడే ఉంది. వేగం మనకు ఇప్పటికే కావలసినంత ఉంది. ఉన్నదాన్ని దేనిమీద ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న.

తెలుగులో వెదకడమంటే ఏమిటో చూడండి. గుర్తుల గొడవ దిద్దాక కూడా "పులి" నా పద్యాలలో సగం చోట్ల దొరకలేదు. ఎందుకు? బాలవ్యాకరణం చదివినవారు నవ్వుతూనే ఉంటారు. ద్రుతం మీద పరుషం సరళమవుతుంది. కాబట్టి వనమున అనే మాట తరువాత వచ్చిన పులి "వనమునఁ బులి" అయి కూర్చుంది. ప్రథమ మీద అయితే గసడదవాదేశం వచ్చి "వులి" అవుతుంది. ఆ పులి అన్నచోట త్రికసంధి జరిగి "అప్పులి" అయింది. పులి అనే ఒక్క మృగానికి నాలుగు వేషాలు. ఇవి పాత కావ్యాలలో మూలనున్న వింతలు కావు, పద్యం నడకే అది. ఏ దేశపు లైబ్రరీ అయినా, ఎన్ని మైక్రోసెకన్లలో నడిచినా, ఈ పులిని పట్టలేదు. పట్టే వల మనమే అల్లాలి.

అల్లడం అసాధ్యమూ కాదు. క చ ట త ప లకు గ జ డ ద బ లు, గ స డ ద వ లు. పట్టిక మనవాళ్ళు ఏనాడో కట్టి ఇచ్చారు. వెదికేవాడు పులి అంటే యంత్రం పులి, బులి, వులి మూడూ వెదకాలి. అంటే ఒక ప్రశ్నకు బదులు మూడు. అప్పులి కోసం నాలుగవది. పండితుడికి తెలిసిన ఈ నాలుగు ముక్కలు ప్రోగ్రామరుకు చెప్పేవాడు లేడు. ప్రోగ్రామరుకు తెలిసినది పండితుడు అడగడు. నడుమ పద్యం పోతోంది.

ఖర్చు లెక్క కూడా చెబుతాను. ఆ పాత పట్టికలోని అతి మందమైన దుబాసీకి ఒక్కో ప్రశ్నకు 1.262 మిల్లీసెకన్లు. నాలుగు ప్రశ్నలకు 5.048. మందకొడి అని వెలివేసినదానితో కూడా ఐదు మిల్లీసెకన్లలో పని అయిపోతుంది! ఇంత ధనం చేతిలో పెట్టుకొని, పైసా పైసా మిగుల్చుకొని, కొనవలసిన సరుకు కొనకుండా ఇంటికి వస్తున్నాము. లోభి ఇంటి పెళ్ళిలా ఉంది మన వ్యవహారం.

అవధానం చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ధార ఎంత జోరుగా సాగినా గణం తప్పితే పృచ్ఛకుడు ఊరుకోడు. యతి తప్పిన పద్యాన్ని "ఎంత త్వరగా చెప్పారో" అని మెచ్చుకొన్న సభ నేనెరుగను. తప్పు లేకపోవడం ముందు, వేగం తరువాత. వేగం శోభనిచ్చేది ఒప్పుకే.

కనుక నా విన్నపం ఇది. తెలుగు పుటల కోసం లైబ్రరీలనూ డేటాబేసులనూ పోల్చేవారు, గడియారం చేతబట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు పెట్టండి.

1. పులిని అడిగితే పాలు రాకుండా ఉందా?

2. కై వంటి అక్షరంలో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ నిలపవచ్చు, ఎత్వానికి కింద మరొక గుర్తు చేర్చి రెండుగానూ నిలపవచ్చు. యూనికోడ్ ఈ రెంటినీ సమానమంటుంది. కంటికి ఒకటే. ఉన్నదున్నట్టు పోల్చే యంత్రానికి వేరు. నిలిపేటప్పుడూ వెదికేటప్పుడూ రెంటినీ ఒకే రూపానికి తెచ్చారా?

3. సాఫ్ట్‌వేరు వంటి మాటలలో పొల్లు తరువాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి పెడతాము. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. ఇద్దరికీ ఒకే జవాబు వస్తోందా?

4. అకారాది క్రమం బడిలో నేర్పినదా, యూనికోడ్ పట్టికదా? మనం ళ ను హ తరువాత చదివాము. ఆ పట్టికలో అది ల పక్కన ఉంది. ఱ అయితే ర పక్కన. డేటాబేసును ఊరకే వరుసపెట్టమంటే ఆ పట్టిక క్రమమే వస్తుంది.

నాలుగూ దాటినవాటికే పందెం పెట్టండి. అదీ రెండువేల ఎక్స్‌ల మీద కాదు, మీ సొంత పద్యాల మీద, మీ సొంత ప్రశ్నలతో, నిద్ర లేచిన మొదటిసారి ఎంత, తరువాత ఎంత అని విడివిడిగా కొలిచి చెప్పండి.

ఇదంతా పద్యాల మీద మోజున్న ముసలివాడి చాదస్తమని కొట్టివేయకండి. పద్యం పోతే పోయిందనుకుందాం. ఇదే వెదుకులాటను రేపు ఒక మనుషుల జాబితాకు తగిలిస్తారు. వేర్వేరు పేర్ల మనుషులు ఒక్కటైపోతారు. లేదా సున్న ఒకచోట ఉండి ఒకచోట లేక, ఉన్న మనిషే లేడని తేలుతాడు. దుకాణపు చెమట కాదు, జీవితమంతా బొగ్గుపొరల్లో చెమటోడ్చిన మనిషి "నేను నేనే" అని రుజువు చేసుకోవడానికి కాగితాలు పట్టుకొని తిరుగుతాడు. అప్పుడు ఆ జవాబు 49 మిల్లీసెకన్లలో వచ్చిందా, 631లోనా అని అతణ్ణి అడిగే ధైర్యం ఎవరికుంది?

శిష్యుడు ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సార్, ఆ గసడదవలు మళ్ళొక్కసారి చెప్పుండ్రి, రాసుకుంట" అన్నాడు. తొమ్మిదో తరగతిలో చెప్పినప్పుడు కిటికీలోంచి బయటికి చూసినవాడే. "రాసుకో బిడ్డా" అన్నాను. ఆ రాత్రి మేమిద్దరం కూర్చొని మొదటి పది పదాలకు వల అల్లాము. పుట మునుపటికంటే కాస్త నిదానించిందని వాడే చెప్పాడు. నాకైతే తెలియలేదు. వనమునఁ బులి మాత్రం దొరికింది.

సెలవు.